ముందు వరస కుర్చీ

ఆ ఉదయం ఆకాశం కొబ్బరి మొవ్వుల దాకా దిగి అక్కడే ఆగిపోయింది. మార్గశిరం మంచు. పొద్దెక్కినా సూర్యుడి జాడ లేదు. కాలవగట్టు మీద సైకిలు తొక్కుకొస్తున్న బుచ్చిరాజుకి ముందు చక్రం కనిపిస్తోంది గానీ దారి కనిపించడం లేదు. తలకి చుట్టుకున్న తువ్వాలు తడిసి, చెవుల వెనక నుంచి మెడలోకి నీళ్లు దిగుతున్నాయి.

అమలాపురంలో సినిమాహాలు ముందు దిగేసరికి అరుగు మీద దానమ్మ ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె మొగుడు సీమోను తాతాజీ నాటక సమాజంలో తెర లాగే మనిషి. మూడు వారాల కిందట పొన్నాడలంకలో నాటకం జరుగుతూండగా, రంగం వెనక తాటాకు పాకలో సమాజం యజమాని తాతాజీని ఎవరో కొబ్బరి తాడుతో పీక బిగించి చంపేసేరు. శవాన్ని ముందు చూసినవాడు సీమోను. ఆ ముందురోజే ముసలాయన చేత చెంపదెబ్బ తిన్నవాడూ సీమోనే. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. సోమవారం కేసు సెషన్సుకి వెళ్తుంది. ఆ పైన మిగిలింది ఉరే.

దానమ్మ లేచి నిలబడింది. "బాబుగారూ, మా ఆయన చెప్పింది పోలీసోళ్లు రాసుకోలేదండి. తెర తాడు పట్టుకుని రెండుసార్లు తొంగి చూసేడంట. ముందు వరస కుర్చీ ఖాళీయేనంట. ఆ మాటన్నందుకు దవడ వాచేలా కొట్టేరంట."

"చెప్పేవు కదమ్మా," అన్నాడు బుచ్చిరాజు.

చెప్పింది. వారం కిందట కొత్తపేటలో అతని గుమ్మం ముందు నిలబడి చెప్పింది. ఆ కుర్చీ పొన్నాడలంక వెంకటరాజుది. వెంకటరాజు బుచ్చిరాజు అక్క మొగుడు. ఆ రాత్రంతా బుచ్చిరాజు నిద్రపోలేదు. కేసు పట్టనని చెప్పేద్దామనుకున్నాడు. తెల్లారేక లేచి సైకిలు తీసేడు. అంతే. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడూ అంతే. పై అధికారి రాయమన్న అబద్ధం రాయనని ఆ ఉద్యోగం వదిలేసి, ఇంటి ముందు 'ప్రైవేటు డిటెక్టివ్' అని చిన్న బోర్డు పెట్టుకున్నాడు.

లోపల తలుపులన్నీ మూసేసి ఉన్నాయి. ఖాళీ బెంచీల మధ్య ఇన్‌స్పెక్టరు వెంకటరమణ కాలు మీద కాలేసుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. పక్కన సన్నగా, చొక్కా మీద కోటు తొడుక్కున్న సూరిబాబు. పుట్టింది ద్రాక్షారామం. మద్రాసులో సినిమా కంపెనీలో చేరి, నాటకాలాడేవాళ్ల బతుకు మీద డాక్యుమెంటరీ తీస్తానని కెమెరా వేసుకుని వచ్చి, హత్య జరిగిన రోజున పొన్నాడలంకలోనే ఉన్నాడు. తీసిన రీళ్లు మద్రాసులో కడిగించి, పోలీసువారి హుకుం మీద నిన్ననే తెచ్చేడు.

"రండి డిటెక్టివ్ గారూ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సినిమా చూపిస్తాను. టిక్కెట్టు లేదు. మీ బావగారు తెర మీద కనిపిస్తారు. మీ ఇంటిల్లిపాదికీ గర్వకారణం."

బుచ్చిరాజు తువ్వాలు విప్పి పిండి బెంచీ మీద ఆరేసేడు. "మొదలెట్టించండి."

దీపాలారిపోయేయి. తెర మీద అక్షరాలు: 'రంగు వెనక మనుషులు. ఉన్నది ఉన్నట్టు.'

గట్టు మీద నాటకం బండి. బండి మీద చుట్టలు చుట్టిన తెరలు, వాటి మీద నిద్రపోతున్న ముసలి హార్మనిస్టు. రాణి వేషం వేసేవాడు అద్దం ముక్క తాటాకులో గుచ్చుకుని గడ్డం గీసుకుంటున్నాడు. రాజు వేషగాడు ముఖానికి అర్దళం రంగు పూసుకుంటూ మధ్యలో ఆగి, ఒళ్లో నిద్రపోతున్న కూతురి మీద దోమని తోలేడు. చిన్నప్పటి నుంచీ బుచ్చిరాజు ఇవన్నీ చూసినవాడే. చూసినవాడే గానీ, ఆ చెయ్యి దోమని తోలడం ఎప్పుడూ చూడలేదు. ఎవరో భుజం పట్టుకుని ఇటు చూడవయ్యా అన్నట్టుగా ఉంది. కాసేపు అతను కేసు సంగతే మరిచిపోయేడు.

అప్పుడు తాతాజీ ముఖం వచ్చింది. తెరంత ముఖం. సాయంకాలపు వెలుగు ఒక చెంప మీదే పడుతోంది.

"మా సమాజంలో వీరవేణి అని ఉండేది," అంటున్నాడు చనిపోయినాయన. "కంఠమంటే అదీ. పన్నెండేళ్లయింది. ఓ రాత్రి నాటకం అయ్యేక ఇంటి దగ్గర పద్యం పాడాలని బండి పంపేరు. పంపించేను. పెద్దలు అడిగితే పంపమూ? తెల్లారేక బండి వచ్చింది. పిల్ల రాలేదు. ఏరు దాటి పారిపోయిందన్నారు. నేను నమ్మినట్టు తలాడించేను. ఆ బండి ఎవరిదంటే..."

ముఖం పుటుక్కున తెగిపోయింది.

"రోలు అయిపోయిందండి," చీకట్లో సూరిబాబు గొంతు. "వెలుగు కూడా పోయింది. మిగతాది మర్నాడు పొద్దున్న తీద్దామనుకున్నాం."

తెర మీద రాత్రి. రంగం మీద ఇంజను దీపాల వెలుతురు. యుద్ధభూమిలో వీరుడు పడి ఉన్నాడు. తలెత్తి చివరి పద్యం పాడుతున్నాడు. తరవాత జనం. ముందు వరసలో చేతుల కుర్చీలో వెంకటరాజు. ముఖం మీద కన్నీళ్లు జారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. వెనక వరసల్లో మనుషులు, వాళ్ల వెనక చీకటి చెట్లు. పద్యం అయింది. "వన్స్ మోర్!" అని అరుపులు. చచ్చిపోయిన వీరుడు లేచి కూర్చుని మళ్లీ పద్యం ఎత్తుకున్నాడు. హాల్లో దీపాలు వెలిగేయి.

"అయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వీరుడి నుదుటి మీద రంగు సర్ది రంగం మీదకి పంపింది తాతాజీయే. తెర పడ్డాక చూస్తే శవం. అంటే ఆ ఒక్క అంకంలోనే చంపేరు. ఆ అంకంలో మీ బావగారు కుర్చీలో కూర్చుని ఏడుస్తున్నారు. కెమెరా చూసింది. మీ దానమ్మ మొగుడు తాడు మేకుకి కట్టేసి, పాకలోకి వెళ్లి పని చూసుకుని, వచ్చి తెర దించేడు. ఇంకేం కావాలి?"

"ఇంకోసారి చూడాలి."

"వన్స్ మోరా?" ఇన్‌స్పెక్టరు నవ్వేడు.

రెండోసారి జనం కనిపించగానే బుచ్చిరాజు లేచి అరిచేడు. "ఆపండి! అక్కడాపండి!"

"ఆపకూడదండి బాబూ," పై గదిలోంచి ఆపరేటరు కేక. "ఆపితే దీపం వేడికి రీలు కాలిపోద్ది."

"అయితే రీలు కిందికి పట్రండి."

తలుపు ఓరగా తీసి, ఆ వెలుగులో ఫిల్ము పట్టుకుని, భూతద్దం పెట్టి చూసేడు బుచ్చిరాజు. చాలాసేపు చూసేడు. వెంకటరాజుని చూడలేదు. వెనక చెట్టుని చూసేడు.

"ఈ చెట్టేమిటండీ?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు వంగి చూసేడు. "చెట్టు. కొమ్మలూ ఆకులూ ఉన్నాయి. అందుచేత చెట్టు."

బుచ్చిరాజు ఫిల్ము సూరిబాబు చేతికిచ్చేసేడు. "బాబూ, వన్స్ మోర్ అనగానే పద్యం ఎత్తుకున్నాడే? మా ప్రాంతంలో అలా ఎత్తుకోరు."

సూరిబాబు నాలిక తడుపుకున్నాడు. "అంటే... ఆ రాత్రి చప్పుళ్లు పట్టిన టేపులో మధ్యన కొంత ఖాళీ ఉందండి. హార్మనీ ఒక్కటే మోగుతూంటుంది. చూసేవాడికి విసుగు. కోసేసేను. డాక్యుమెంటరీ అంటే తీసిందంతా చూపించడం కాదండి. పారేసింది ఎక్కువ, ఉంచింది తక్కువ."

"పారేసింది ఉందా?"

"అసలు టేపు పెట్టెలో ఉందండి."

"వినిపించు."

టేపు మిషను బెంచీ మీద పెట్టి, హాలు కరెంటుకి తగిలించేడు. గొంతు వచ్చింది, ఆ రాత్రి గొంతు. పద్యం. పద్యం చివర కిర్రుమని కప్పీ చప్పుడు, తెర దిగుతోంది. జనం "వన్స్ మోర్" అని విరుచుకుపడ్డారు. కప్పీ మళ్లీ కిర్రుమంది, తెర పైకి లేస్తోంది. ఆ పైన హార్మనీ ఒక్కటే. ఒకటే మెట్టు మీద, ఆగి, మళ్లీ అదే. జనం కేకలు, ఈలలు. ఆకూవక్కా వేసుకుని తీరిగ్గా నమిలేంతసేపు హార్మనీ ఒక్కటే. అప్పుడు పద్యం. అది ముగిసేక కప్పీ.

"విన్నారా?" అన్నాడు బుచ్చిరాజు.

"విన్నాను. హార్మనీ బానే వాయించేడు."

"వన్స్ మోర్ అని వెయ్యిమంది అరిచినా వేషగాడు లేవడండి. పడుకున్నచోటి నుంచే ముందు వరస కుర్చీ కేసి చూస్తాడు. నాటకం ఎవరు ఆడిస్తున్నారో ఆ పెద్దమనిషి చెయ్యెత్తాలి. ఎత్తేకే లేస్తాడు. ఎత్తకుండా లేస్తే ఆ ఊళ్లో ఇక ఆట ఉండదు. ఈ వేషగాడు ఇంతసేపు ఎందుకు పడుకున్నాడు?"

"నిద్రపట్టిందేమో!"

"చెయ్యెత్తేవాడు లేక."

ఇన్‌స్పెక్టరు సిగరెట్టు నేలకేసి నలిపేడు. నవ్వు పోయింది. "ఊళ్లో వెయ్యిమంది చూసేరుగా. ఒక్కడూ చెప్పలేదేం?"

"వెయ్యిమందిలో ఎనిమిదివందల మంది మా బావగారి కౌలుదార్లు."

"చూడండి, ఓ కుర్చీ ఖాళీగా ఉందని మీరంటారు. అందులో మనిషి కూర్చుని ఏడుస్తున్నాడని ఫిల్ము అంటోంది. నేను ఫిల్ముని నమ్ముతాను. మీరు పోలీసుల్లో ఎందుకు నిలవలేదో ఇప్పుడర్థమైంది."

"జీపు ఉందిగా మీకు," అన్నాడు బుచ్చిరాజు ఆరని తువ్వాలు భుజాన వేసుకుంటూ. "పొన్నాడలంక వెళ్దాం పదండి. నేను ఓడిపోతే బోర్డు పీకేసి మీ ఇంటికి పంపుతాను. పొయ్యిలోకి పనికొస్తుంది."

పంటు పడవ మీద జీపు ఏరు దాటేసరికి మధ్యాహ్నం తిరిగిపోయింది. పోలీసుల ఆజ్ఞ ప్రకారం నాటకం పందిరి విప్పలేదు. వెదురు గుంజలు, మాసిన తెర, వెనక తాటాకు పాక, అన్నీ అలాగే ఉన్నాయి. ఎదర ఖాళీ మైదానం. మైదానం అవతల, ఒక పక్కగా పాక దాకా చుట్టుకుని, వెంకటరాజు గారి ఆకుతోట. తమలపాకు తీగలు అల్లుకోడానికి నాటిన అవిసె చెట్లు వరసగా నిలబడి ఉన్నాయి.

బుచ్చిరాజు ముందు పాకలోకి వెళ్లేడు. మట్టి నేల. చచ్చినాయన మడమలు గీసిన గీతలు రెండు ఇంకా ఉన్నాయి. గోడవార కొత్త కొబ్బరి తాళ్ల చుట్ట. పాకకి రెండు దారులు. ఒకటి రంగం మీదకి, రెండోది ఆకుతోట వైపు. ఆకుతోట పక్క నుంచి గట్టెక్కితే ముందు వరస కుర్చీకి నాలుగు అంగలు, అదీ చీకట్లో.

తరవాత తెర దగ్గరికొచ్చి గుంజని కింద నుంచి పై దాకా అరచేత్తో నిమిరేడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇలా రండి. ఈ తాడు పట్టుకోండి."

"నేనా?"

"మీరే. లాగండి."

ఇన్‌స్పెక్టరు లాగేడు. కప్పీ కిర్రుమంది. లావుపాటి వెదురు బొంగుకి చుట్టిన తెర పైకి లేచింది.

"ఇప్పుడు తాడు మేకుకి కట్టేసి, ఆ పాకలోకి వెళ్లి ఒకణ్ణి చంపి రండి."

ఇన్‌స్పెక్టరు గుంజ కేసి చూసేడు. అటు చూసేడు, ఇటు చూసేడు. మేకు లేదు. మేకు కొట్టిన చిల్లు లేదు. తాడు చుట్టిన రాపిడీ లేదు.

"కింద... రాయికి కట్టొచ్చు."

"రాయి ఉంటే కట్టండి."

రాయి లేదు. లంక భూమి, అంతా ఒండ్రు మట్టి. తాడు జారుతోంది. ఇన్‌స్పెక్టరు రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. మెడ మీద నరం లేచింది.

"వదలకండి. వదిలితే తెర వీరుడి నెత్తి మీద పడుతుంది. తెర లేచి ఉన్నంతసేపూ సీమోను ఇలాగే నిలబడాలి. దిగిన చప్పుడూ, లేచిన చప్పుడూ టేపులో మీరే విన్నారు. మధ్యలో తెర పడిన చప్పుడు విన్నారా?"

"చాల్లెండి!" ఇన్‌స్పెక్టరు తాడు వదిలేసేడు. తెర దబ్బున పడి దుమ్ము లేచింది. అరచేతులు చూసుకున్నాడు. ఎర్రగా కమిలిపోయేయి.

బుచ్చిరాజు కూడా ఆ చేతుల కేసి చూసేడు. చూసి, పాకలో ఉన్న కొత్త తాళ్ల చుట్ట కేసి చూసేడు.  

"సరే, సీమోను కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, మాట బలవంతాన కక్కినట్టు. "ఒప్పుకుంటాను. కానీ మీ బావగారు ఫిల్ములో ఉన్నారు. దానికేమంటారు?"

"కాసేపు కూర్చుందాం."

ముగ్గురూ మైదానంలో, ముందు వరస ఉండే చోట, నేల మీద కూర్చున్నారు. సూరిబాబు కొంచెం దూరంగా కూర్చున్నాడు. ఏటి మీంచి చల్లగాలి తిరిగింది. పొద్దు కొబ్బరిచెట్ల మధ్యకి జారింది.

"ఆ చెట్టు చూస్తూండండి," అన్నాడు బుచ్చిరాజు. "ఫిల్ములో జనం వెనక ఉన్నది అదే. చివరి కొమ్మ విరిగి వేలాడుతోంది చూడండి, ఫిల్ములోనూ అలాగే ఉంది."

"అయితే?"

"అవిసె చెట్టు. చూస్తూండండి."

వెలుగు తగ్గుతున్న కొద్దీ ఏమీ జరగనట్టే ఉంది. పొద్దు మునిగేక చూస్తే చెట్టు వేరేగా ఉంది. ఇందాక విప్పారి ఉన్న చిన్న చిన్న ఆకులన్నీ జంటలు జంటలుగా ఒకదానికొకటి అంటుకుని, కిందికి వాలి, ముడుచుకుపోయేయి. కొమ్మల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తోంది.

"రాత్రయితే అవిసె ఆకు ముడుచుకుంటుందండి. తెల్లారేదాకా విప్పదు. మీ ఫిల్ములో అర్ధరాత్రి ఆ చెట్టు ఆకులన్నీ విప్పుకుని ఉన్నాయి."

సూరిబాబు రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు.

"ఎప్పుడు తీసేవు బాబూ?" అన్నాడు బుచ్చిరాజు. కోప్పడలేదు.

"ఆ రోజు మధ్యాహ్నం," అన్నాడు సూరిబాబు వేళ్ల సందుల్లోంచి. "మూడింటికి. నా దగ్గరున్న దీపాలు రంగానికే చాలవండి, జనానికి ఎక్కడివి? కెమెరా కన్నుకి ఎర్రద్దం అడ్డంపెట్టి పట్టపగలు తీస్తే రాత్రిలా వస్తుంది. అందరూ చేసే పనేనండి. వెంకటరాజు గారే జనాన్ని రప్పించేరు. నేనేం తప్పు... టైటిల్లో ఉన్నది ఉన్నట్టు అని వేసేను. పోలీసులడిగితే పగలు తీసేనని ఎలా చెప్పనండి? చెప్తే మొత్తం సినిమా దొంగదంటారు. ఎనిమిదేళ్లు మద్రాసులో పెట్టెలు మోసి, ఇది నాకిచ్చిన మొదటి పని."

"దొంగది కాదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ ముఖాలు నిజమేనండి! ఆ ఏడుపు నిజం!"

"రంగం మీద ఎవరూ లేకుండా అంతమంది ఎలా ఏడ్చేరయ్యా?" అన్నాడు బుచ్చిరాజు.

సూరిబాబు చేతులు దించేడు. "తాతాజీ గారు నా కెమెరా పక్కన నిలబడి పాడేరండి. ఆ వయసులో... నాకే కళ్లు చెమర్చేయి."

ముందు వరస కుర్చీలో వెంకటరాజు కన్నీళ్లు కార్చింది తాతాజీ పద్యానికి. పద్యం పాడిన మనిషి ఆ రాత్రికి లేడు.

"వీరవేణి సంగతి చెప్పినప్పుడు అక్కడెవరున్నారు?"

"నేనూ ఆయనే అండి. ఆ తరవాత తీసేం, పొద్దు వాలుతూండగా."

"మరి మా బావగారికి ఎలా తెలిసింది?"

సూరిబాబు ఒండ్రు మట్టిలో వేలితో గీత గీసేడు. "రాత్రి భోజనం వారింట్లోనేగా. నేనే చెప్పేనండి. సంతోషం పట్టలేక చెప్పేను. పెద్దాయన గొప్ప కథ మొదలెట్టేరండీ, రేపు పొద్దున్న పేరు కూడా చెప్తానన్నారు, అటువంటిది ఒక్కటి పడితే చాలు సినిమా నిలబడిపోతుందీ అని. వారు ఇంకొంచెం నెయ్యి వేయించేరు నాకు."

ఇన్‌స్పెక్టరు లేచి దులుపుకున్నాడు. "బావుంది. కానీ కోర్టులో ఏం పెట్టమంటారు? ముడుచుకున్న ఆకులా? హార్మనీయా? వెంకటరాజు గారి వకీలు నా టోపీ తీసి నాకే పెడతాడు."

"చేతులు," అన్నాడు బుచ్చిరాజు. "పాత తాడు కాసేపు పట్టుకుంటేనే మీ చేతులు కమిలిపోయేయి. కొత్త పీచు తాడుతో మనిషి పీక, వాడు గింజుకుంటూంటే... చంపినవాడి అరచేతులు తోలు లేచిపోయి ఉండాలి. సీమోనుకి కాయలు కాసిన చేతులు, వాడికేమీ కాదు."

"మూడు వారాలైంది. మానిపోయి ఉంటాయి."

"మానిపోతాయి. చూసినవాళ్లు ఉంటారు."

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా అతని వైపు తిరిగేడు. "ఆ ఇంట్లో ఆడవాళ్లు ఘోషా. నేను వీధి అరుగు దాటి వెళ్లలేను. మీరు వెళ్లగలరు." ఆగేడు. "వెళ్తారా డిటెక్టివ్ గారూ? ఆవిడ్ని అడుగుతారా? అక్కగారి మెళ్లో తాడు తెంపడానికి తమ్ముడు వెళ్తాడా?"

బుచ్చిరాజు ఆ దెబ్బ తిన్నాడు.  జీపు ఎక్కేడు.

వెంకటరాజు లోగిట్లో దీపాలు పెట్టేరు. వంటింటి వెనక వసారాలో రాజ్యలక్ష్మి కత్తిపీట ముందేసుకుని కొబ్బరి కోరుతోంది. తమ్ముణ్ణి చూసి నవ్వింది.

"రా బుచ్చీ. చిక్కిపోయేవేమిట్రా? మీ బావగారు పూజలో ఉన్నారు. భోంచేసి వెళ్లు."

బుచ్చిరాజు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు.

"అక్కా, నాటకం రాత్రి బావగారి చేతులు ఎలా ఉన్నాయి?"

కోరడం ఆగింది.

"ఎవరి కోసం అడుగుతున్నావు?"

"తెర లాగేవాడు, సీమోనని. ఉరేస్తారు."

"పిల్లలా?"

"ఇద్దరు."

ఆమె చేతిలో కొబ్బరి చిప్ప పక్కన పెట్టింది. "నేను నాటకం ఎప్పుడూ చూడలేదురా. గాలి ఇటు తిరిగితే పద్యం వినిపిస్తుంది, అంతే. ఆ రాత్రి వన్స్ మోర్ అన్నారు. పద్యం రాలేదు. వారు చెయ్యెత్తితే గాని ఎత్తుకోరని తెలుసుగా నాకు, కాపరానికొచ్చినప్పటి నుంచీ వింటున్నాను. ఇంతసేపు ఎత్తలేదేమిటా, ఒంట్లో బాగాలేదా అనుకుని గుమ్మం దాకా వెళ్లేను. అప్పుడు వచ్చింది పద్యం."

"ఇంటికొచ్చేక?"

"వెన్న అడిగేరు. రెండు అరిచేతులూ తోలు లేచిపోయి ఉన్నాయి. తెర చిక్కుపడితే సాయం పట్టేనన్నారు. నాలుగు రోజులు నేనే అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టేను. కారం తగిలితే ఓర్చుకోలేకపోయేవారు." ఆమె గొంతు మారలేదు. "తెర సాయం కాదని నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు ముద్దలు పెట్టేను."

"వీరవేణి అని..."

"తెలుసు. అప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను, నీకు జ్ఞాపకం ఉందిగా, అమ్మ పోయిన ఏడు. తిరిగొచ్చేసరికి పెరటి నుయ్యి లేదు. నీళ్లు ఉప్పనయ్యేయి, పూడ్పించేసేనన్నారు. పుట్టింటికి బయల్దేరేదాకా ఆ నీళ్లే తాగేను నేను. ఉప్పు లేదు."

"ఆ నుయ్యి ఎక్కడ అక్కా?"

రాజ్యలక్ష్మి నేల కేసి చూసింది. నున్నగా గచ్చు చేసిన నేల. చుట్టూ పన్నెండేళ్ల కిందట లేపిన స్తంభాలు, తక్కిన ఇంటికంటే కొత్తవి.

"మనం కూర్చున్నది దాని మీదే."

బుచ్చిరాజు కాళ్లు ముడుచుకున్నాడు. పూజగది తలుపు చప్పుడైంది. వెంకటరాజు పట్టుపంచెతో, నుదుట విభూతితో వచ్చి గడపలో నిలబడ్డాడు. భార్య ముఖం చూసేడు, బావమరిది ముఖం చూసేడు. వీధిలో జీపు దీపాలు వెలుగుతున్నాయి.

"బుచ్చీ, సినిమా చూసేవట. ఎలా ఉంది?"

"మీరు బాగా ఏడ్చేరు బావగారూ."

"ఆ ముసలాడు బాగా పాడేడురా." వెంకటరాజు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. కొత్త చర్మం లేత గులాబి రంగులో ఉంది. "జీపు ఎంతసేపు ఆగుతుంది?"

"భోజనం అయ్యేదాకా ఆగమన్నాను."

"మంచిపని చేసేవు. లక్ష్మీ, వడ్డించు."

రాజ్యలక్ష్మి ఆ వసారాలోనే అరిటాకులు వేసింది. రెండు వేసి, నిలబడి చూసి, ఇంకొకటి తెచ్చి పక్కన వేసింది. ఆ ఇంట్లో మగవాళ్ల పంక్తిలో ఆడది కూర్చోవడం ఎప్పుడూ లేదు. వెంకటరాజు ఆ మూడో ఆకు కేసి చూసేడు. అన్నం, పప్పు, పనసపొట్టు కూర, నెయ్యి. ముగ్గురి విస్తళ్లలోనూ ఆమే వడ్డించి, తన ఆకు ముందు కూర్చుంది.

వెంకటరాజు అన్నం కలుపుకున్నాడు. మొదటి ముద్ద తన చేత్తోనే ఎత్తుకున్నాడు. బుచ్చిరాజు తల వంచుకుని తిన్నాడు. రాజ్యలక్ష్మి తిన్నది. మజ్జిగ అయ్యేక వెంకటరాజు చెయ్యి కడుక్కోడానికి లేచి, వీధిలో వెలుగుతున్న జీపు దీపాల కేసి చూసేడు.